పెడల్ మీద ఎర్ర గీత

నా కుడి బూటు ఇంకా పెడల్‌నే పట్టుకుని ఉంది. నేను మాత్రం కల్వర్టు గోడ మీద కూర్చున్నాను, ఎడమ కాలికి బూటుతో, కుడి కాలికి మట్టి కొట్టుకున్న సాక్సుతో. ఎవరో సైకిల్‌ని తలకిందులు చేసి నా ఎదురుగా నిలబెట్టి వెళ్ళారు. దాని ముందు చక్రం ఇంకా తిరుగుతోంది, లేదా తిరుగుతున్నట్టు నాకే అనిపిస్తోంది. బతికే ఉన్నాను. ఇందాకటి నుంచి ఈ మాట చాలాసార్లు అనుకున్నాను, అనుకున్న ప్రతిసారీ ఎవరో కొత్తగా వచ్చి చెప్పినట్టుంది. బస్సు చక్రానికి పది నట్లుంటాయి. పొద్దున్నదాకా నాకీ సంగతి తెలియదు. రోజూ బస్సెక్కి బడికి వెళ్తాను, ఎప్పుడూ చక్రం వైపు చూడలేదు. ఇవాళ దాని పక్కన పడుకుని చూశాను, నా జడకీ దానికీ మధ్య ఒక జానెడు రోడ్డుంది. నట్ల చుట్టూ ఎర్రటి తుప్పు ఉంది. ఒక నట్టు మీద గడ్డిపరక అతుక్కుని ఉంది. కాలిన రబ్బరు వాసన, దాని కింద తడిసిన తారు వాసన. ఆ వేడి ఇప్పటికీ నా చెంప మీదే ఉంది, చెయ్యి పెట్టి చూస్తే చెంప చల్లగా ఉంది.

జరిగింది చాలా చిన్న సంగతి. ఆవులు రోడ్డు దాటుతున్నాయి. ఫెరార్‌గంజ్ దాటగానే పోకతోటల దగ్గర ఐదున్నరకి ఆవులు దాటడం, నేను ఆగడం, ఇది రోజూ ఉండేదే. ఈ దీవుల్లో ఐదింటికల్లా తెల్లగా తెల్లారిపోతుంది కాబట్టి ఆవులకీ మాకూ ఒకటే టైం. ఆగేముందు మడమ బయటికి తిప్పాలి. బూటు అడుగున ఉండే క్లీట్, అంటే పెడల్‌కి తగులుకునే బిళ్ళ, టక్‌మని ఊడాలి, కాలు నేల మీద పెట్టాలి. ఇదంతా ఆలోచించకుండానే జరిగిపోయే పని. ఇవాళ మడమ తిప్పాను, ఊడలేదు. మళ్ళీ తిప్పాను. సైకిల్ ఆగిపోయింది, నా కాలు రాలేదు, ఆగిన సైకిల్ ఎటో ఒకవైపు పడాలి కదా, రోడ్డు మధ్యకి పడింది. నరికిన అరటిచెట్టులా నేనూ దాంతోనే పడ్డాను, చేతులు హ్యాండిల్ వదలకుండా, నోరు తెరవకుండా. వెనక బస్సు వస్తోందని నాకు తెలుసు. హారన్ విన్నాను. పడుతూ పడుతూ నేననుకున్నది ఒక్కటే, అయ్యో అందరూ చూస్తున్నారు అని. చచ్చిపోతానని కాదు. అందరూ చూస్తున్నారని.

కండక్టర్ దూకి వచ్చి లాగితే నేనూ సైకిలూ కలిసి జరిగాం. "అరే బచ్చీ, జూతా ఉతారో, పహలే జూతా!" అని అరిచి తనే బూటు పట్టీ చర్రున పీకి నా కాలు బయటికి తీశాడు. బూటు పెడల్ మీదే ఉండిపోయింది. ఎడమ కాలు పడ్డ ఊపుకే పెడల్ నుంచి ఊడొచ్చింది. బస్సు కిటికీల నిండా తలకాయలు. చేపల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక అవ్వ, "పిల్ల బతికిందిరా నాయనా, జోడే దెయ్యం పట్టినట్టు పట్టేసింది," అంది. కొందరు నవ్వారు. డ్రైవర్ నవ్వలేదు. దిగనే లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, వాటి మీద తల వాల్చి ఉన్నాడు. ఆయన బ్రేకు మీద కాలు వేయడం ఇంకో క్షణం ఆలస్యమై ఉంటే అని అనుకోబోతాను, ఆ ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

మా సైక్లింగ్ కోచ్ వాసుదేవ్ సర్ స్టార్ట్ లైన్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు. లైన్ ఇక్కడికి వంద గజాలు కూడా ఉండదు. ఇవాళ ట్రయల్, పది కిలోమీటర్లు, ఒక్కొక్కరూ విడివిడిగా వెళ్ళాలి. మంచి టైం వచ్చిన ఇద్దరు అమ్మాయిల్ని పోర్ట్ బ్లెయిర్‌లో ట్రైనింగ్ హాస్టల్‌కి తీసుకుంటారు. సర్ నా మోచేయి చూశారు, మోకాలు వంచి చూశారు, కళ్ళలోకి చూశారు, పేరు అడిగారు. "సుష్మ," అన్నాను. సర్‌కి నా పేరు తెలుసు. నాకు తెలుసో లేదో చూస్తున్నారు. "పహలా రైడర్ ఆరింటికి. నువ్వు ఆఖరి నంబర్, ఆరున్నరకి. సైకిల్ చూసుకో. లైన్ మీదకి రాకముందు నా ముందర పదిసార్లు కాలు పెట్టి పదిసార్లు తియ్యాలి. ఒక్కసారి ఇరుక్కున్నా నో స్టార్ట్. సమ్‌ఝీ? బస్సు ఇంకోసారి ఆగదు." టూల్‌బాక్స్ నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. నేను తల ఊపాను. నేను ఎప్పుడూ తలే ఊపుతాను.

అందుకని ఇప్పుడు నా దగ్గర గంట కన్నా తక్కువే ఉంది, ఒక బూటు ఉంది, దాన్ని వదలని పెడల్ ఉంది. ముందు మట్టి చూడాలి. పెడల్ ఇరుక్కుంటే మొదట మట్టే చూడమని కళ్యాణి దీదీ చెప్పింది. ఈ బూట్లూ పెడళ్ళూ కళ్యాణి దీదీవే. వాళ్ళది డిగ్నాబాద్, పెద్ద పోటీలకి వెళ్ళి కొత్తవి కొనుక్కున్నాక పాతవి నాకిచ్చింది. "బూటు నీకు ఒక నంబర్ పెద్దదే, రెండు సాక్సులు వేసుకో. పెద్ద బూటైతే లోపల మడమ ఒక్కటే తిరుగుతుంది, బూటు తిరగదు, అప్పుడు ఊడదు, గుర్తుపెట్టుకో. ఎడీ బాహర్, ఎప్పుడూ ఎడీ బాహర్, మోకాలు కాదు మడమ." నేను ఇవాళ కూడా రెండు సాక్సులే వేసుకున్నాను. అయినా తప్పు సాక్సులదే అనుకోవాలని ఉంది. లేకపోతే నా మడమది. ఏది జరిగినా తప్పు నాదని ముందే ఒప్పేసుకుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కొబ్బరి ఈనె తీసుకుని క్లీట్ అంచుల్లో మట్టి గీకుతున్నాను. మట్టి ఉంది గానీ కొంచెమే, ఎండిపోయిన ఎర్రమట్టి, నిన్నటిది. ఈనె పదేపదే జారుతోంది. రెండు చేతులతో బూటు పట్టుకుని తిప్పాను. రాలేదు. నా చెయ్యి బలం చాలదేమో. నా కాలి బలమే చాలలేదు.

స్ప్రింగు ఎండిపోయినా ఇరుక్కుంటుంది. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము బతకదు, మేకులూ గొళ్ళాలూ నాన్నమ్మ చెవి దుద్దుల వెనక శీలలూ అన్నీ తుప్పే. టూల్‌బాక్స్‌లో నూనె సీసా ఉంది, రెండు చుక్కలు వేశాను. నూనె లోపలికి ఇంకలేదు, పైనే ఉండిపోయింది. లోపల ముందే ఏదో ఉంది. సాక్సు అంచుతో తుడిచి చూశాను, నీలం గ్రీజు. కొత్తది, మెరుస్తోంది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. కాలేదు. నా బుర్ర ఇంకా ఆ చక్రం పక్కనే పడుకుని ఉంది, నట్లు చూస్తూ. నాన్నయితే ఆ నట్లన్నిటికీ ఎర్ర గీతలు గీసేవాడు అనుకున్నాను. అమ్మ గోళ్ళరంగు సీసా ఎప్పుడూ నాన్న పనిసంచిలోనే ఉంటుంది. అమ్మ గోళ్ళకి రంగు వేసుకోగా నేను చూడలేదు. మా నాన్న మణికుమార్ డింగీ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. బాంబూ ఫ్లాట్ జెట్టీ దగ్గర పొద్దుటి నుంచీ అదే పని, సాయంత్రం ఊళ్ళో తోటల పంపులు. ఏ బోల్టు బిగించినా, బిగించాక దాని తల మీంచి పక్క ఇనుము మీదకి ఒక ఎర్ర గీత గీస్తాడు. బోల్టు ఏ కాస్త కదిలినా గీత విరుగుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. మా ఇంటి ఫ్యాన్‌కి ఎర్ర గీత. కుట్టుమిషను పాదానికి ఎర్ర గీత. నాన్నమ్మ, అంటే మా గవరమ్మ నాన్నమ్మ, "ఓరే, నా నడుం కూడా బిగించి ఓ గీత గీసీరా," అంటుంది.

నేను పుట్టక ముందు నాన్న ఒకసారి ఒక బోల్టు బిగించడం మర్చిపోయాడు. డింగీ వెనక ఇంజన్‌ని పట్టి ఉంచే బిగింపు. సముద్రం మధ్యలో ఇంజన్ జారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నాన్నా, రామ్‌ప్రసాద్ బాబాయీ రెండు రోజులు కొట్టుకుపోయారు, పెద్ద ఓడవాళ్ళెవరో చూసి తీసుకొచ్చారు. ఆ తర్వాత బాబాయి నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. నాన్న ఎర్ర గీతలు మొదలుపెట్టాడు. ఈ కథ నాన్న చెప్పలేదు, నాన్నమ్మ చెప్పింది. నాన్న ఏదీ చెప్పడు. నేనూ చెప్పను. ఇంట్లో మేమిద్దరం ఉంటే ఎవరూ లేనట్టే ఉంటుంది, అమ్మ అంగన్‌వాడీ నుంచి వస్తూనే "ఏంటీ, ఇద్దర్నీ మ్యూట్ మే రఖా హై క్యా?" అని నవ్వుతుంది.

ఆరైంది. లైన్ దగ్గర విజిల్ మోగింది, మొదటి అమ్మాయి నా ముందు నుంచి సర్రున వెళ్ళిపోయింది, పచ్చ హెల్మెట్. ఇక మిగిలింది క్లీట్ బోల్టులు. అవి వదులైతే బూటు తిరుగుతుంది గానీ క్లీట్ తిరగదు, కాలు జన్మలో ఊడదు. ఎడమ బూటు విప్పి తిరగేసి చూశాను. మూడు బోల్టులూ గట్టిగా ఉన్నాయి. కుడిదాని బోల్టులు చూడాలంటే అది పెడల్ నుంచి రావాలి. సైకిల్‌ని పక్కకి తిప్పి, పెడల్ వెనక వైపు నుంచి ఏమైనా కనిపిస్తుందేమోనని వంగాను.

పెడల్ వెనక ఒక చిన్న స్క్రూ ఉంటుంది. స్ప్రింగు ఎంత గట్టిగా పట్టాలో అది చెబుతుంది. కళ్యాణి దీదీ దాన్ని పూర్తిగా వదులు చేసి, మళ్ళీ మూడు టక్కులు మాత్రం బిగించి, "నీకిది చాలు," అంది. ఆ స్క్రూ తల మీంచి పెడల్ ఒంటి మీదకి ఒక ఎర్ర గీత ఉంది.

సన్నది. సూటిది. కొంచెం కూడా వణకనిది.

ఎడమ పెడల్ చూశాను. అక్కడా ఉంది.

నేనేమీ అనుకోలేదు. రోడ్డు మీద ఆవుపేడ మీద ఈగలు వాలుతున్నాయి, పోకచెట్ల మీంచి నీళ్ళు టప్‌టప్‌మని పడుతున్నాయి, అవన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. తర్వాత రాత్రి గుర్తొచ్చింది. నేను తొందరగా పడుకున్నాను, పొద్దున్నే ట్రయల్ అని. వరండాలో లైటు వెలుగుతూ ఉంది. పొద్దున గేటు స్తంభం పట్టుకుని కాళ్ళు పెడల్‌లో పెట్టుకునేటప్పుడు, గట్టిగా తొక్కితే గానీ పడలేదు. ఇవాళ నాకు బలం వచ్చిందనుకున్నాను. నాన్న గేటు తీసి పట్టుకుని ఉన్నాడు. నా కాళ్ళ వైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు, బాగుచేసిన ఇంజన్ మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పటి చూపు.

కానీ నాన్నకెలా తెలుసు? నా కాలు ఊడుతోందని నాన్నకి ఎవరు చెప్పారు? రెండు వారాల కిందట పోర్ట్ బ్లెయిర్‌లో స్కూళ్ళ పోటీలో, చివరి రెండు వందల మీటర్లలో లేచి తొక్కుతుంటే నా కుడి కాలు పెడల్ నుంచి జారి గాల్లోకి పోయింది. రెండో స్థానంలో ఉన్నదాన్ని ఐదో స్థానంలోకి వచ్చాను. కాలు జారిందని సర్‌కి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. అలిసిపోయానని అందరికీ చెప్పాను, అడిగినవాళ్ళకి. జారిందని చెప్పింది ఒక్క చోటే.

నా డైరీ తెలుగులో ఉంటుంది. హిందీలో రాస్తే ఎవరైనా చదివేస్తారు, మా బడి హిందీ, మా వీధి హిందీ. అమ్మకి తెలుగు మాటలే వచ్చు, అక్షరాలు రావు. నాన్నకీ అంతే. నాన్నమ్మకి ఏ అక్షరాలూ రావు. మా ఊళ్ళో రిటైరైన గణేశ్వరరావు మాస్టారు సాయంత్రాలు తన వరండాలో ఐదుగురికి తెలుగు మొదలుపెట్టారు, నలుగురు మానేశారు, నేను మిగిలాను. అక్కడ మాట్లాడక్కర్లేదు, రాస్తే చాలు. అందుకని నా లాంగ్‌బుక్‌కి తాళం అక్కర్లేదు, తెలుగే తాళం. దాన్ని దిండు కింద కూడా పెట్టను. బల్ల మీదే పడేస్తాను, అన్నం తినేటప్పుడు కూడా.

పోయిన వారం ఒక పేజీ చివర నీలం మరక చూశాను. పెన్ను కక్కిందనుకున్నాను. నా పెన్ను నలుపు. నాన్న ఇంజన్లకి వాడే గ్రీజే నీలం.

మాస్టారి పంపు. ఈ ఏడాది మాస్టారి పంపు ఎన్నిసార్లు పాడైంది? వారానికోసారి. అమ్మ విసుక్కునేది, "ఆ పంపు పారేసి కొత్తది కొనుక్కోమని చెప్పండి మాస్టార్జీకి," అని. నాన్న నా క్లాసు అయిపోయాక పనిసంచి తగిలించుకుని వెళ్ళేవాడు, గంట తర్వాత వచ్చేవాడు. చేతులకి మట్టి లేకుండా. నేను చూశాను, ఆ చేతుల్ని చూశాను, మాస్టారి నుయ్యి దగ్గర బురదే కదా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. పంపు పేరు చెప్పి మాస్టారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. నాన్నకి చదవడం వచ్చు. ఇది బస్సు చక్రం కన్నా దగ్గరగా వచ్చి ఆగింది. నాన్నకి చదవడం వచ్చు. మా ఇంట్లో తెలుగులో ఉన్నది నా డైరీ ఒక్కటే. ఇన్నాళ్ళుగా నేను తాళం వేయని ఇంట్లో పడుకున్నాను.

ఇక ఆ పేజీలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటున్నాయి. కాలు ఊడొచ్చేసింది, కాలుతోపాటు నేనూ ఊడిపోయినట్టే ఉంది అని రాసిన పేజీ. నాన్న నవ్వితే పళ్ళకి గ్రీజు ఉన్నట్టుంటుందని రాసిన పేజీ. ఇంకొకటి ఉంది. దాన్ని తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. హాస్టల్ గురించి సర్ చెప్పిన రోజు రాశాను. ఇంటికి నెలకోసారే వదులుతారట, నాకు పర్వాలేదు, నెలకోసారి రాకపోయినా పర్వాలేదు, ఇక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అది కూడా చదివాడా? చదివి ఉంటే? నా చెయ్యి స్క్రూ మీద ఉంది. ఒక ఆలోచన వచ్చింది, రాకూడనిది. నేను వెళ్ళకూడదనే బిగించాడా? పడిపోతానని తెలిసే... లేదు. కానీ ఆలోచన వచ్చేసింది, రోడ్డు మీద ఆవులా అడ్డంగా నిలబడింది, కదలడం లేదు. ఇంజన్లు బిగించే మనిషికి స్ప్రింగు సంగతి తెలియదా? తెలిసి చేశాడా, తెలియక చేశాడా? నాకీ ట్రయల్ కన్నా ఇప్పుడు అదే కావాలి.

నాన్న స్కూటర్ చప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. జెట్టీ పనికి పోతూ నన్ను చూసినా ఆగకుండా పోనిచ్చేవాడే, బూట్లు లేకుండా సాక్సులతో ఉన్నానని ఆగాడు. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా వేలాడుతోంది. ముందు మోచేయి చూశాడు, తర్వాత సైకిల్, తర్వాత పెడల్‌ని పట్టుకుని వేలాడుతున్న బూటు.

"ఏటైనాదమ్మా?"

రోడ్డు మీద నల్లగా ఉన్న బస్సు టైరు గీతల్ని చూపించాను. అవి ఎక్కడ ఆగాయో చూపించాను. తర్వాత పెడల్ వెనక ఎర్ర గీత మీద వేలు పెట్టాను.

నాన్న ముఖంలో ఏదీ కదల్లేదు. రోడ్డు మీదే చతికిలబడ్డాడు, స్కూటర్ స్టాండు వేయలేదు, అది పక్కకి వాలి పడిపోయింది, డబ్బా మూత ఊడి ఇడ్లీలు తారు మీద దొర్లాయి. నాన్న అటు చూడలేదు. ఆ టైరు గీతల వైపే చూస్తున్నాడు.

"ఊడిపోతందని..." అన్నాడు. మళ్ళీ అన్నాడు. "కాలు ఊడిపోతందని రాసినావు గదమ్మా. మా పనిలో ఊడితేనే పోతారు. బిగుసుకుంటే కూడా పోతారని నాకు తెలీదు. భగమంతుడి తోడు తెలీదు."

"చదివావా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నా బుక్కు చదివావా?"

"కూడబలుక్కున్నాను." తల ఎత్తలేదు. "ఆ ఒక్క పేజీకే మూడు రోజులు పట్టింది. ఒత్తులు రావడం లేదు నాకింకా."

నాకు కోపం వచ్చింది, చాలా కోపం, ఆయన చేతిని విసిరికొట్టాలనిపించింది. ఆ చెయ్యి నేల మీద ఉంది, ఇడ్లీ పక్కన, వణుకుతూ. గీత ఎప్పుడూ వణకకుండా గీసే చెయ్యి. నాన్న చెయ్యి వణకడం నేను పుట్టి ఎరగను. తెలియకే చేశాడు. అది తెలిసిపోయింది. ఆవు రోడ్డు దాటి వెళ్ళిపోయింది. కానీ ఇంకొక పేజీ సంగతి అడగలేకపోయాను. అడిగితే చెబుతాడు, అదే భయం.

టూల్‌బాక్స్‌లోంచి సన్నటి ఆలెన్ కీ తీసి నాన్నకి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నువ్వే తియ్యి. నాకు ఇదెంత ఉండాలో తెలీదు," అన్నాడు. బోల్టు సంగతి తనకి తెలీదని నాన్న అనడం కూడా నేను ఎప్పుడూ వినలేదు. ఇవాళ అన్నీ మొదటిసారే. ఎడమవైపుకి తిప్పాను. గీత విరిగింది. టక్, టక్, టక్, లోపల స్ప్రింగు ఒక్కో పన్నూ వదులుతుంటే నా వేళ్ళకి తెలుస్తోంది, పదమూడు టక్కులకి పూర్తిగా వదులైంది. నాన్న బూటు మడమ పట్టుకుని పక్కకి తిప్పాడు. ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది, ఏమీ జరగనట్టు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు, నీళ్ళలోంచి తీసిన దేన్నో చూస్తున్నట్టు.

కళ్యాణి దీదీ చెప్పినట్టు మూడు టక్కులు బిగించాను. తర్వాత పోటీలో జారింది గుర్తొచ్చి ఇంకొక్కటి. నాలుగు. రెండో పెడల్‌కీ నాలుగు. నాన్న అలవాటుగా సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీశాడు, తీసి, మళ్ళీ లోపల పెట్టబోయాడు. నేను లాక్కున్నాను. గీతలు నేనే గీశాను. నావి వంకరగా వచ్చాయి.

ఆరు ఇరవైకి వాసుదేవ్ సర్ ముందు గోడ పట్టుకుని కాలు పెట్టాను. ఎడీ బాహర్. టక్. పెట్టాను, తీశాను. ఆరోసారి ఊడేముందు ఒక్క క్షణం పట్టింది, నా గుండె బస్సు కింద ఉంది, ఊడింది. సర్ వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నారు. పదోదానికి పిడికిలి మూసి, "ఏమైంది దీనికి? కిస్నే టైట్ కియా?" అని నాన్న వైపు చూశారు. నాన్న నోరు తెరిచాడు. "నేనే సర్," అన్నాను ముందుగా. "నేనే బిగించాను." సర్ నన్ను ఒక క్షణం చూశారు. నేను సర్‌తో ఇన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. "పాగల్," అన్నారు. "జా. లైన్ పే జా."

లైన్ మీద రెండు కాళ్ళూ పెడళ్ళలో పెట్టి ఉండాలి, వెనక ఎవరో ఒకరు సీటు పట్టుకుని నిలబెడతారు. పట్టుకునే అన్న వచ్చాడు. "మా నాన్న పట్టుకుంటాడు," అన్నాను. నాన్న పంచెకి చేతులు తుడుచుకున్నాడు, తుడుచుకుని, సీటు పట్టుకున్నాడు. ఒక కాలు టక్. రెండో కాలు టక్. ఇప్పుడు నేను నేల మీద లేను, నాన్న చేతిలో ఉన్నాను. సైకిల్ ఒక్క వెంట్రుక కూడా కదలడం లేదు. చెయ్యి వణకడం ఆగిపోయింది.

"దస్," అన్నారు సర్, గడియారం చూస్తూ.

నాన్న వంగాడు. గ్రీజు వాసన నా భుజం దగ్గరకి వచ్చింది. చెవి పక్కన, చిన్నగా, పేజీ ముందు పెట్టుకుని చదువుతున్నట్టు ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"నెలకోసారి... రాకపోయినా... పర్వాలేదు."

రోడ్డు తెల్లగా అయిపోయింది. తల తిప్పకూడదు, తిప్పితే పడిపోతాను. అది కూడా చదివాడు. ముందే చదివాడు. చదివాకే రాత్రి వరండాలో లైటు వేసుకుని, నేను గెలవాలని, ఇంటికి రానక్కర్లేని చోటికి నేను వెళ్ళాలని బిగించాడు. పాంచ్. చార్. వెనక్కి చెయ్యి చాపలేను, నా రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. తీన్. నాన్నా అనాలి. దో. మాట రావడం లేదు, మళ్ళీ రావడం లేదు. ఏక్.

నాన్న వదిలేశాడు.

రెండు తొక్కులు. మూడు. వెనక ఆయన నిలబడే ఉన్నాడని నాకు తెలుసు, కళ్ళు నా కాళ్ళ మీదే ఉన్నాయని తెలుసు. ఇక్కడ ఒక్కో క్షణం లెక్క. ఏ రైడరూ ఇలా చేయదు. అయినా కుడి మడమ బయటికి తిప్పాను. టక్‌మని కాలు ఊడింది. ఊడిన కాలిని ఆయనకి కనబడేలా పక్కకి చాపాను, మళ్ళీ తెచ్చి పెడల్ మీద తొక్కాను, టక్‌మని పడింది.

"అరే క్యా కర్ రహీ హై!" అని వెనక నుంచి వాసుదేవ్ సర్ అరుస్తున్నారు. "తొక్కు! తొక్కు!"